నడుము లోతు నీళ్లలో సగం బరువు

(ఒక కాలనీ వాకర్స్ సంఘం సాయంత్రపు సమావేశంలో ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసకి వినపడుతోందా? సరే.

ఇందాక గేటు దగ్గర చెప్పులు విప్పుతుండగానే ఒక పెద్దాయన ఆపారు. "డాక్టరమ్మా, బెణికితే వేణ్ణీళ్లా, చన్నీళ్లా? అదొక్కటి చెప్పేసి వెళ్లిపోండి, చాలు" అన్నారు. (నవ్వులు) ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పెళ్లికి వెళ్లినా, బస్సులో కూర్చున్నా ఇదే ప్రశ్న. చెప్తానండీ, చెప్పకుండా వెళ్లను. అయితే ఆ ప్రశ్న అడిగేటప్పుడు మనం నీళ్లని కషాయంలాగా చూస్తాం. వేడిదా చల్లదా, ఎంతసేపు, రోజుకి ఎన్నిసార్లు అని. నేను మాత్రం నీళ్లని ఒక చోటు అనుకుంటాను. దెబ్బ తిన్న ఒళ్లు భయం లేకుండా కదలగలిగే చోటు. ఇది నాకు కాలేజీలో తెలియలేదు, నా చీలమండ చెప్పింది.

ఐదేళ్ల కిందటి మాట, వానాకాలం. మా ఇంటి వెనక మెట్లు మూడంటే మూడే. నాచు పట్టింది, గీకించాలి అని నెల్లాళ్లుగా అనుకుంటున్నాను. ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని దిగుతూ జారాను. బకెట్టుకేం కాలేదు. (నవ్వులు) నాకు కుడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు, పెట్టలేదు. ఏడో వారం ఎక్స్‌రే చూసి సర్జన్‌గారు, "అతుక్కుంది, ఇక మెల్లగా బరువు మోపండి" అన్నారు.

"బరువు మోపండి" అనే మాట అప్పటికి పదిహేడేళ్లుగా నేను పేషెంట్లకి చెప్తున్నదే. "ఏం కాదండీ, ఎందుకంత భయం" అని గదమాయించేదాన్ని కూడా. ఆ రోజు వాకర్ పట్టుకుని నిలబడ్డాను. కాలు దిగదే! బుర్ర దిగమంటుంది, కాలు వినదు. నేలకి అర అంగుళం పైన ఆగిపోయింది. చెమటలు పట్టేశాయి. అప్పటికి నొప్పి రానే లేదు, వస్తుందన్న భయమే. మా అత్తగారు గుమ్మంలోంచి చూసి, "నువ్వే కదే అందరికీ చెప్పేది" అన్నారు. (నవ్వులు) నాలుగు రోజులు అలాగే గడిచాయి.

ఐదో రోజు మా స్నేహితురాలు వాళ్ల అపార్ట్‌మెంటులో ఉన్న ఈత కొలనుకి తీసుకెళ్లింది. నాలుగడుగుల లోతు. నేను ఐదడుగుల మనిషిని కాబట్టి ఛాతీ దాకా వస్తాయి. మధ్యాహ్నం రెండు గంటలు, ఎండకి నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కుట్లు తీసేసి నెల దాటింది, గాటు పూర్తిగా మూసుకుపోయింది. కమ్మీ పట్టుకుని దిగి, నా స్నేహితురాలితో ఏదో కబుర్లు చెప్తున్నాను. మాటల మధ్యలో కిందికి చూసుకుంటే రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి. ఎప్పుడు ఆనించానో నాకే తెలీదు. ఏడుపొచ్చేసింది. నీళ్లలో ఏడిస్తే ఒక సుఖం, ఎవరికీ తెలీదు. (నవ్వులు)

నొప్పి పోయిందా అంటే పోలేదు. ఆ సాయంత్రం కూడా సలిపింది. కానీ కాలికి ఒక కబురు అందింది: ఆనించొచ్చు, విరగదు అని. రెండు రోజుల తర్వాత ఇంట్లో గచ్చు మీద పాదం దిగింది.

ఇందులో మహిమ ఏమీ లేదు. ఇక్కడ నూతిలో నీళ్లు తోడినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో, చాలామందే. చేద నీళ్లలో మునిగి ఉన్నంతసేపు తాడు తేలిగ్గా ఉంటుంది కదా. నీటి మట్టం దాటి పైకొచ్చిందో, ఒక్కసారిగా చెయ్యి లాగేస్తుంది. చేద అదే, అందులో నీళ్లూ అవే. ఇంతసేపూ ఆ బరువులో చాలా భాగం నూయి మోసింది, ఇప్పుడు మీరు మోస్తున్నారు. ఆర్కిమెడీస్ రెండువేల రెండువందల ఏళ్ల కిందట లెక్క కట్టింది దీన్నే.

మనిషికీ అంతే. నడుము లోతు నీళ్లలో కదలకుండా నిలబడితే మీ కాళ్ల మీద పడేది సుమారు సగం బరువు. ఛాతీ లోతులో మూడో వంతు. మెడ దాకా దిగితే పదో వంతు. నడిస్తే ఈ లెక్క పెరుగుతుంది, గబగబా నడిస్తే ఇంకా పెరుగుతుంది. నా బరువు అరవై కిలోలు. ఆ రోజు కొలనులో నా రెండు కాళ్లూ కలిసి మోసింది ఇరవై కిలోలు, అంటే ఒక ఆరేళ్ల పిల్ల బరువు. నేల మీద వాకర్‌తో అంత కచ్చితంగా బరువు తగ్గించుకోవడం ఎవరి తరమూ కాదు. నీళ్లలో అయితే ఒక్క మెట్టు కిందికి దిగితే బరువు తగ్గుతుంది, పైకెక్కితే పెరుగుతుంది. మా ఫిజియోలకి ఇంతకంటే మంచి యంత్రం లేదు.

రెండోది వాపు. విరిగిన కాలు, బెణికిన కాలు సాయంత్రానికి ఉబ్బుతుంది. మనం క్రేపు బ్యాండేజీ చుడతాం, అది ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. నీళ్లు అలా కాదు. లోతు పెరిగేకొద్దీ సమానంగా బిగుతు పెరుగుతుంది. ఒక్కో అడుగు లోతుకి బీపీ కొలిచే లెక్కలో దాదాపు 22 పాయింట్లు. నాలుగడుగుల లోతులో ఉన్న పాదం మీద 90కి దగ్గర. మీ బీపీలో కింది అంకె 80 ఉంటుందనుకోండి, అంతకంటే ఎక్కువ ఒత్తిడి! పాదం దగ్గర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. కాబట్టి పేరుకున్న నీరు పైకి నడుస్తుంది. పావుగంట కొలనులో నడిచి వచ్చినవాళ్ల చీలమండ మీద మళ్లీ ఎముక గుర్తులు కనపడటం నేను చాలాసార్లు చూశాను.

ఇక నొప్పి తగ్గినట్టు ఎందుకు అనిపిస్తుంది? పిల్లాడికి గుమ్మం తగిలి నుదురు బొప్పి కడితే అమ్మ ఏం చేస్తుంది? అరచేత్తో రుద్దుతుంది, "ఉఫ్" అని ఊదుతుంది. పిల్లాడు ఏడుపు ఆపుతాడు. రుద్దితే ఎందుకు తగ్గుతుందన్నదానికి 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉందనీ, స్పర్శ కబుర్లు అటుగా జోరుగా వెళ్తుంటే నొప్పి కబుర్లకి దారి ఇరుకవుతుందనీ. వివరాల్లో తర్వాత చాలా మార్పులు వచ్చాయి కానీ, మూల ఆలోచన నిలబడింది. నీళ్లలో దిగితే ఒళ్లంతా ఒకేసారి స్పర్శే. వెచ్చగా కూడా ఉంటే బిగుసుకున్న కండ వదులవుతుంది. దెబ్బ తగిలినచోటు చుట్టూ కండరాలు కాపలా కాస్తున్నట్టు బిగుసుకుపోతాయి. నెల తర్వాత మీరు అనుభవించే నొప్పిలో ఎముకది కొంతే, ఈ కాపలాదారులది చాలా.

(ఇక్కడ కరెంటు పోయింది. రెండు నిమిషాల తర్వాత వచ్చింది.)

పర్లేదు, ఫ్యాను లేకపోయినా గాలి బాగానే వస్తోంది. సరే, పెద్దాయన ప్రశ్న. వేణ్ణీళ్లా, చన్నీళ్లా?

ముందు ఒక పరీక్ష. చీలమండ మెలిపడింది. లేచి నాలుగడుగులు వేయగలరా, కుంటుకుంటూ అయినా? వేయలేకపోతే నీళ్ల సంగతి పక్కన పెట్టి ఎక్స్‌రేకి వెళ్లండి. కెనడాలో ఒట్టావా డాక్టర్లు పెట్టిన నియమాల్లో ఇదొకటి, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. ఎముక గుబ్బ మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా సరే, వెళ్లాల్సిందే.

ఎముకకి ఏమీ కాలేదు, వట్టి బెణుకే అనుకుందాం. మొదటి రెండు మూడు రోజులు వేడి వద్దు. లోపల చిన్న రక్తనాళాలు చిట్లి ఉంటాయి, వేడి పెడితే అటు రక్తం ఇంకా పరిగెడుతుంది, వాపు పెరుగుతుంది. మనవాళ్లు మొదటి రోజే ఉప్పు మూటతో కాపడం, ఇసుక కాపడం, వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్లు మొదలుపెడతారు. అవి చెడ్డవని నేననను. వావిలాకు నీళ్లు మా అమ్మమ్మ కాచి పోసేది, ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం. వాటి సమయం నాలుగో రోజు, మొదటి రోజు కాదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించడానికి మాత్రం నా దగ్గర ఏ రోజూ లేదు. (నవ్వులు)

మరి ఐస్? గేబ్ మిర్కిన్ అనే అమెరికా క్రీడా వైద్యుడు 1978లో దెబ్బకి నాలుగు సూత్రాలు చెప్పాడు: విశ్రాంతి, ఐసు, బిగించి కట్టడం, పైకెత్తి పెట్టడం. ప్రపంచమంతా నేర్చుకుంది, నేనూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. దాదాపు ముప్పై ఐదేళ్ల తర్వాత ఆయనే, ఐసు, పూర్తి విశ్రాంతి రెండూ దెబ్బ మానడాన్ని ఆలస్యం చేస్తాయేమో అని మాట మార్చుకున్నాడు. ఒక డాక్టరు తన పేరు తెచ్చిపెట్టిన మాటనే వెనక్కి తీసుకున్నాడంటే నాకు గౌరవం పెరిగింది. ఇప్పుడు నేను చెప్పేది ఇది: నొప్పి తట్టుకోలేకపోతే మొదటి రెండు రోజులు చల్లదనం వాడండి. గుడ్డ చుట్టి, పది పదిహేను నిమిషాలు, అంతే. నొప్పి తగ్గించడానికే అది, మాన్పడానికి కాదు. తర్వాత గోరువెచ్చటి నీళ్లు, వాటితో పాటు కదలిక. కదలిక లేకుండా గంటసేపు కాలు నీళ్లలో పెట్టి టీవీ చూస్తే పాదం శుభ్రపడుతుంది, అంతే.

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఈ హాల్లో షుగరు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. షుగరు ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, తగ్గినట్టు మనకి తెలియదు కూడా. నా దగ్గరికి ఒక ఆయన వచ్చారు, అరవై దాటిన మనిషి. చిన్న బెణుకు. ఇంట్లో హీటరు పెట్టిన బకెట్లో నేరుగా కాలు పెట్టుకుని కూర్చున్నారు. వేడి తెలియలేదు. తీసేసరికి చర్మం పొంగిపోయింది. వారంలో తగ్గాల్సిన బెణుకు పోయి మూడు నెలల కట్లు మిగిలాయి. గీజర్లో నీళ్లు 60 డిగ్రీలుంటే చర్మం కాలడానికి ఐదు సెకన్లు చాలు. కాబట్టి షుగరున్నవాళ్లు పాదంతో వేడి చూడొద్దు. మోచేత్తో చూడండి, లేదా ఇంట్లో ఇంకొకరి చేత చూపించండి. పసిపిల్లకి నీళ్లు పోసేముందు ఎలా చూస్తామో అలా.

నీళ్ల వైద్యం అనగానే కొందరికి ప్రకృతి వైద్యం గుర్తొస్తుంది. ముందు వరసలో మాస్టారు ఇందాకటి నుంచి అదే అడుగుదామని చూస్తున్నట్టున్నారు. రెండూ చుట్టాలే, ఒకటి మాత్రం కాదు. ఆ కథ కూడా దెబ్బతోనే మొదలైంది. ఇప్పటి చెక్ దేశంలో ఒక కొండ ఊళ్లో విన్సెంట్ ప్రీస్నిట్జ్ అనే రైతు కుర్రాడు ఉండేవాడు, 1799లో పుట్టాడు. గుర్రపు బండి అతని మీదకెక్కి పక్కటెముకలు విరిగాయి. లాభం లేదన్నారు. తడిగుడ్డలు కట్టుకుంటూ తనే బాగయ్యాడని చెప్తారు. తర్వాత ఆ ఊరికి యూరప్ నలుమూలల నుంచీ జనం క్యూ కట్టారు. ఆ దారిలో వచ్చిన జర్మనీ ఆయన లూయీ కూనే తొట్టి స్నానాల పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చేసింది. గాంధీగారు కూనే తొట్టి స్నానాలు తనూ చేశారు, ఇంట్లోవాళ్ల చేతా చేయించారు. ప్రీస్నిట్జ్, కూనే లాంటివాళ్లు రోగమంతా నీళ్లతో పోతుందన్నారు. నేనంత దూరం వెళ్లను. విరిగిన పక్కటెముక మామూలుగా తనంతట తనే అతుక్కుంటుంది, తడిగుడ్డకి ఆ పేరు దక్కింది. నాకు కావలసింది నీళ్లలో దిగిన తర్వాత మీరు చేసే పని.

ఆ పని ఏమిటో చెప్తాను. ఛాతీ లోతు నీళ్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదా మనిషి. మొదటి రోజు పది నిమిషాలు మించొద్దు. ముందుకి నడవండి, వెనక్కి నడవండి, పీతలాగా పక్కకి నడవండి. మడమ ముందు ఆనాలి, తర్వాత వేళ్లు. కుంటి నడక నీళ్లలోనే వదిలించుకోవాలి, లేకపోతే కాలు మానినా నడక మారదు. తర్వాత కమ్మీ పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం. భుజం దెబ్బ అయితే మెడ దాకా దిగి చెయ్యి వదిలేయండి. దాన్ని నీళ్లే పైకి తెస్తాయి. గచ్చు మీద నిలబడి గోడ మీద వేళ్లతో పాకించినా భుజం దాకా రాని చెయ్యి, నీళ్లలో తనంతట తను తేలి వస్తుంది. అది చూసుకుని మురిసిపోతారు జనం.

నీళ్లలో ఇంకో మంచితనం ఉంది. మెల్లగా కదిపితే మెల్లగా అడ్డుకుంటాయి, వేగంగా కదిపితే గట్టిగా అడ్డుకుంటాయి. వేగం రెట్టింపు చేస్తే అడ్డు నాలుగింతలు. నొప్పి వచ్చి ఆగిపోయారనుకోండి, బరువూ అక్కడే ఆగిపోతుంది. చేతిలో ఇనుప డంబెల్ ఉంటే అలా కాదు, మీరు ఆగినా అది ఆగదు.

కొలను లేదా? మన ఊళ్లలో నూటికి తొంభై మందికి ఉండదు, నాకు తెలుసు. చీలమండ, మణికట్టు, వేళ్లు, వీటికి కొలను అక్కర్లేదు. వెడల్పాటి టబ్బు, లేకపోతే పాత గంగాళం చాలు. గోరువెచ్చటి నీళ్లు పోసి, కుర్చీలో కూర్చుని, కాలు ముంచి, బొటనవేలితో నీళ్లలో అక్షరాలు రాయండి. విదేశీ పుస్తకాల్లో ఏబీసీడీ రాయమంటారు. నేను అ ఆ ఇ ఈ రాయిస్తాను. ఇంగ్లీషు పెద్దక్షరాలు చాలావరకు గీతలే. మనవి గుండ్రం. "అ" ఒక్కటి రాసేసరికి చీలమండ అన్ని వైపులా తిరిగొస్తుంది. "ఋ" దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగి ఆలోచిస్తారు, ఆ ఆలోచనలో నొప్పి మర్చిపోతారు. (నవ్వులు, చప్పట్లు)

ఎంత చేస్తే ఎక్కువైనట్టు? నీళ్లలో ఉండగా మీకు తెలియదు, అదే దానితో చిక్కు. తేలిగ్గా ఉంటుంది కాబట్టి అరగంట ఆడేస్తారు. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. ముందురోజు కంటే ఎక్కువ నొప్పిగా, బిగుతుగా ఉంటే ఆ రోజు సగమే చేయండి. మామూలుగా ఉంటే రెండు నిమిషాలు కలపండి.

దిగకూడనివాళ్లు కూడా ఉన్నారు. మానని గాయం, కుట్ల దగ్గర చెమ్మ, జ్వరం, చర్మవ్యాధి ఉంటే వద్దు. అదుపులో లేని ఫిట్స్ ఉన్నవాళ్లు వద్దే వద్దు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా మెడ దాకా దిగొద్దు. అలా దిగినప్పుడు కాళ్లలో, పొట్టలో ఉన్న రక్తం సుమారు 700 మిల్లీలీటర్లు ఛాతీ వైపు వస్తుంది, గుండె మీద పని పడుతుంది. ఇంకొకటి, దెబ్బ తర్వాత ఒక పిక్క మాత్రమే ఉబ్బి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే మర్దనా, కాపడం రెండూ మానేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

ఇంత చెప్పి నీళ్లే గొప్ప అంటే అబద్ధం అవుతుంది. 2016లో, వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ మోకాలు, తుంటి అరుగుదల మీద 13 పరిశోధనలు, 1,190 మంది వివరాలు కలిపి చూసింది. నీళ్ల వ్యాయామంతో నొప్పి కొద్దిగా తగ్గింది, అదీ కొన్నాళ్లపాటు. కొద్దిగానే. అది అరుగుదల లెక్క, దెబ్బల లెక్క కాదు. కానీ నా అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది. నేల మీద చేయగలిగినవాళ్లు నేల మీద చేసినా అంతే ఫలితం. చేయలేక ఆగిపోయినవాళ్లకే నీళ్లు. పనైపోయాక బయటికొచ్చేయాలి. రెండేళ్లయినా కొలను వదలని పేషెంటు ఒకరున్నారు నాకు. ఆమెకి నొప్పి ఎప్పుడో పోయింది, అక్కడ స్నేహితులు దొరికారు. సరే, అదీ మంచిదే.

ప్రశ్నలు అడగండి.

(ఒకరు: నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేయమంటున్నారు, వేయాలా?)

వేసుకోండి, ఇబ్బంది లేదు. ఆ ఉప్పు చర్మంలోంచి లోపలికి పోయి నొప్పి తీస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. హాయి వేడిది, పేరు ఉప్పుది.

(ఇంకొకరు: మునిసిపాలిటీ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లొచ్చా?)

వెళ్లొచ్చు, రద్దీ లేని వేళ చూసుకోండి. పోటీ ఈతకి కట్టిన కొలనుల్లో నీళ్లు 26, 28 డిగ్రీలుంటాయి. మాకు కావలసింది 33 నుంచి 35. చల్లటి నీళ్లలో ఊరికే నిలబడితే కండలు ఇంకా బిగుస్తాయి. అందుకని నిలబడొద్దు, నడుస్తూ ఉండండి, తొందరగా వచ్చేయండి. అంచు గచ్చు మీద జాగ్రత్త. దెబ్బ మాన్పుకోవడానికి వెళ్లి రెండో కాలు విరగ్గొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

(మరొకరు: మరి గోదావరిలో, కాలవలో?)

వద్దు బాబాయిగారూ. నాచు రేవులు, అడుగున ఏముందో తెలియదు, పారే నీరు. నిలకడ లేని కాలు అక్కడ నిలవదు.

(వెనక వరస నుంచి ఒక మహిళ: మా అబ్బాయి బండి మీంచి పడ్డాడండీ. తొడలో రాడ్ వేశారు. మూడు నెలలైంది. కాలు కింద పెట్టమంటే పెట్టడు. రాత్రిళ్లు నొప్పి అంటాడు.)

ఎన్నేళ్లమ్మా బాబుకి?

(ఇరవై ఒకటండీ.)

కుట్ల దగ్గర ఏమైనా కారుతోందా? జ్వరం వస్తోందా?

(లేదండీ, మానిపోయింది.)

మొన్న ఎక్స్‌రే తీసినప్పుడు సర్జన్‌గారు బరువు ఎంత మోపొచ్చు అన్నారు? మొత్తమా, సగమా?

(అడగలేదండీ.)

అదొక్కటి అడిగి రండమ్మా. వేరే ఏమీ వద్దు, ఆ ఒక్క మాట. కాగితం మీద రాయించుకోండి. రాత్రి నొప్పి సంగతి కూడా ఆయనతో చెప్పండి, దాచొద్దు. సగం అంటే నడుము లోతుతో మొదలుపెడతాం, అంతకంటే తక్కువంటే ఛాతీ లోతు. అబ్బాయికి ఈత వచ్చా?

(కాలవ పక్కనే పెరిగాడండీ.)

అయితే నీళ్లంటే భయపడడు. ఎక్స్‌రే, ఆ కాగితం తీసుకుని శనివారం మధ్యాహ్నం రమ్మనండి. కబుర్లు చెప్పే స్నేహితుడెవరైనా ఉంటే వెంట తీసుకురమ్మనండి.